లక్ష మంది నోళ్లు మూయించిన బడిపంతులు

జకార్తా స్టేడియంలో బంగారం గెలిపించిన మన హైదరాబాదీ రహీం సాబ్ జీవితం

జైనూర్: పంటలు ఇల్లు చేరి చేలు ఖాళీ అయ్యాయంటే మన గూడేల్లో పిల్లలకు పండగే. రెండు రాళ్లు అటు, రెండు రాళ్లు ఇటు పెట్టుకుంటే గోలు తయారు. కాళ్లకు బూట్లుండవు. బంతిలో గాలి ఉంటే అదే పదివేలు. పొద్దుగూకే దాకా దుమ్ములో ఆడుతూనే ఉంటారు.

ఒకప్పుడు మన దేశం జట్టులో చాలామంది ఒలింపిక్స్ మైదానంలో కూడా ఇలాగే ఉత్త కాళ్లతో ఆడారు. ఆ జట్టుకు ఆట నేర్పినాయన మన పాత హైదరాబాదు రాష్ట్రంలోని ఒక బడిపంతులు. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాబ్. 1962 సెప్టెంబర్ 4న ఇండోనేషియా రాజధాని జకార్తాలో, లక్షా పది వేల మంది పట్టే కొత్త స్టేడియంలో ఆయన జట్టు దక్షిణ కొరియాను ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. ఆ స్టేడియం నేటికీ ఉంది. పేరు మారి మళ్లీ పాత పేరుకొచ్చింది. కుర్చీలు మారాయి, దీపాలు మారాయి. మన ఫుట్‌బాల్ జట్టుకు మాత్రం ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం రాలేదు. ఈ కథ రహీం సాబ్‌ది. ఆయన ఆడించిన మైదానాలది కూడా.

కాచిగూడ నుంచి చాదర్‌ఘాట్ దాకా

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అది నిజాం కాలం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివారు. చదువుకునే రోజుల్లోనే మంచి ఫుట్‌బాల్ ఆటగాడు. చదువయ్యాక ఉపాధ్యాయుడిగా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠాలు చెప్పిన బడుల్లో కొన్ని. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. అప్పటినుంచి ఆయన బతుకంతా ఆట చుట్టూనే తిరిగింది.

అదే కాలంలో మన వైపు ఏం జరుగుతున్నదో పెద్దలకు తెలిసిందే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగారు. ఆ తర్వాత మార్లవాయిలో హైమండార్ఫ్ దొర మకాం, గోండు పిల్లలకు బడులు, పంతుళ్లకు శిక్షణ మొదలయ్యాయి. రహీం సాబ్‌కు ఇటువైపు పరిచయముందని చెప్పడం లేదు. కానీ రాజ్యం ఒకటే, కాలం ఒకటే. అడవిలో ఒక పంతులు పలక పట్టించి అక్షరం దిద్దిస్తుంటే, పట్నంలో మరో పంతులు బంతితో పాఠం చెబుతున్నాడన్నమాట.

1940ల నుంచి చనిపోయే దాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. అంతదాకా ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే దేశం ఒక్కసారి దక్షిణం వైపు తిరిగి చూసింది. 1956-57, 1957-58 రెండేళ్లూ సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాదుకే వచ్చింది.

ఎలపటి ఎద్దు, దాపటి ఎద్దు

రహీం సాబ్ నేర్పే తీరు రైతుకు తేలిగ్గా అర్థమవుతుంది. అరకకు ఎలపటి ఎద్దు ఒక్కటే లాగితే చాలు సరిగా పడదు. దాపటి ఎద్దు కూడా సమంగా లాగాలి. ఆటగాడి కాళ్లూ అంతే. చాలామంది కుడి కాలితోనే బంతి తంతారు, ఎడమ కాలు నిలబడడానికే పనికొస్తుంది. ఈ లోపం పోగొట్టడానికి ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టించారు. వాటిలో బలమైన కాలితో తన్నకూడదు, చేతకాని కాలితోనే ఆడాలి. మొదట్లో కుర్రాళ్లు తడబడేవాళ్లు, కిందపడేవాళ్లు. కొన్నాళ్లకు రెండు కాళ్లూ ఒకటయ్యేవి.

ఇంకో రకం పోటీలో బంతిని ఒక్కడే కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదు. అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. దీంతో ఒక్కడి గొప్ప తగ్గి, జట్టు ఆట పెరిగింది. బంతి పరుగెత్తాలి, మనిషి ఊరికే అలసిపోకూడదు అన్నది ఆయన లెక్క. ఈ పద్ధతులకు ఖర్చు పైసా లేదు. కావలసింది చదునైన జాగా, ఒక బంతి, ఓపికున్న పంతులు.

నలుగురు వెనక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలబడే ఆటను 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించి పేరు తెచ్చుకుంది. దాదాపు అదే రోజుల్లో, దానికి ముందే, మన జట్టుతో రహీం సాబ్ ఆ తరహా ఆట ఆడించారని ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు చెబుతారు.

ఫతే మైదాన్

హైదరాబాదులో ఆటలకు పెద్ద దిక్కు ఫతే మైదాన్. ఈ మైదానం పేరులోనే ఒక యుద్ధం ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు మొగలు సైన్యం ఇక్కడ గుడారాలు వేసుకుంది. కోట చేజిక్కాక దీనికి విజయ మైదానం అనే అర్థంలో ఫతే మైదాన్ అని పేరు పెట్టారు. నిజాంల కాలంలో గుర్రాల మీద పోలో ఆడారు. తర్వాత ఫుట్‌బాల్, క్రికెట్ వచ్చాయి. 1955 నవంబర్‌లో న్యూజీలాండ్‌తో జరిగిన టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు కొట్టింది ఇక్కడే. టెస్టు క్రికెట్లో ఒక భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది.

రహీం సాబ్ చేతి కింద తయారైన కుర్రాళ్లు గొప్పింటి బిడ్డలు కారు. పోలీసు కొలువు దొరికితే చాలనుకునేవాళ్లే ఎక్కువ. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం చిన్నతనంలో బూట్లు కొనలేని పేదవాడు. ఆయనే తర్వాత దేశంలోని గొప్ప ఫార్వర్డు ఆటగాళ్లలో ఒకడయ్యాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, యూసుఫ్ ఖాన్, గోలు కాసే పీటర్ తంగరాజ్ అందరూ హైదరాబాదు నేల మీద ఆడి పైకొచ్చినవాళ్లే.

ఢిల్లీ, హెల్సింకీ, మెల్‌బోర్న్

1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. అక్కడి నేషనల్ స్టేడియం 1933లో కట్టింది. తెల్లదొరల కాలంలో దాని పేరు ఇర్విన్ ఆంఫీథియేటర్. దేశం స్వతంత్రమయ్యాక పేరు మారింది. ఫైనల్లో రహీం సాబ్ జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించింది. గోలు కొట్టింది మేవాలాల్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో తొలి బంగారం మనదే అయింది. ఆ స్టేడియానికి 2002లో హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ పేరు పెట్టారు.

మరుసటి ఏడు 1952లో ఫిన్లాండ్ దేశపు హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడ చలి. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో దిగారు. యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. ఇంత పెద్ద ఓటమికి ఎవరైనా కుంగిపోతారు. రహీం సాబ్ దాన్నీ పాఠంగానే తీసుకున్నారు. ఆ తర్వాత దేశంలో బూట్లతో ఆడడం తప్పనిసరి అయింది.

నాలుగేళ్లకు దాని ఫలితం కనబడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సొంతగడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో యుగోస్లావియాతో జరిగిన సెమీస్‌లో ముందు గోలు మనదే పడింది. కానీ చివరికి 4-1తో ఓడారు. మూడో స్థానం ఆటలో బల్గేరియా గెలిచింది. మనది నాలుగో స్థానం. నేటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అంతకు మించిన ఘనత లేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగరీ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా ఆడారు. పెరూ చేతిలో ఓడి ఇంటికొచ్చారు. ఆ జట్టులో రహీం సాబ్ కుమారుడు హకీం కూడా ఉన్నాడు. అదే చివరిసారి. ఆ తర్వాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు ఎంపిక కాలేదు.

కడియం లాంటి కప్పు

ఇక జకార్తా సంగతి. నాలుగో ఆసియా క్రీడలు ఇండోనేషియాకు దక్కాయి. ఆ దేశపు అధ్యక్షుడు సుకర్ణో. మహాభారతంలో కర్ణుడి మీద ఇష్టంతో తండ్రి ఆ పేరు పెట్టాడు. ఆయన స్వయంగా ఇంజనీరింగు చదివినవాడు. కొత్తగా స్వతంత్రం వచ్చిన తన దేశం ఎవరికీ తీసిపోదని లోకానికి చూపించాలని ఆయన పట్టుదల. అందుకు పెద్ద స్టేడియం కట్టాలనుకున్నాడు.

డబ్బు సోవియట్ రష్యా అప్పుగా ఇచ్చింది. 1960 ఫిబ్రవరిలో పని మొదలైంది. రెండున్నరేళ్లలో కట్టడం పూర్తయింది. అప్పట్లో చాలా స్టేడియాల్లో గొప్పవాళ్లు కూచునే పక్కకే కప్పు ఉండేది. బీదాబిక్కీ ఎండలోనో వానలోనో కూచోవలసిందే. సుకర్ణో ఒప్పుకోలేదు. కడియం రెండు కొసలూ కలిసినట్టు కప్పు చుట్టూరా తిరగాలని పట్టుబట్టాడు. కింద మైదానానికి ఆకాశం కనబడాలి, పైన జనానికి నీడ ఉండాలి. రష్యా ఇంజనీర్లు ఉక్కుతో అలాగే కట్టి ఇచ్చారు. లక్షా పది వేల మందికి చోటు. ఆ రోజుల్లో అది లోకంలోని పెద్ద స్టేడియాల్లో ఒకటి.

ఈ గొప్ప వెనక ఒక బాధ కూడా ఉంది. స్టేడియం కట్టిన సెనయాన్ అంతకు ముందు ఖాళీ బీడు కాదు. ఇళ్లు, చెట్లు, కాపురాలున్న పల్లె. వేలాది కుటుంబాలను లేపి నగరంలో మరో వైపు, తెబెత్ అనే చోటికి పంపించారు. ప్రాజెక్టుల కింద, అడవుల పేరుతో ఊళ్లు కదిలిన ప్రాంతం మనది. ఆ కుటుంబాల కష్టం మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజు ఏం జరిగింది

1962 ఆగస్టు 24న క్రీడలు మొదలయ్యాయి. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో బాగులేదు. సిగరెట్ల అలవాటున్న మనిషి. ఊపిరితిత్తుల క్యాన్సరు లోపల తింటున్నది. అయినా జట్టును వదల్లేదు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచారు. వెనక కాపు కాసే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి మరొకరైతే కూర్చోబెడతారు. రహీం సాబ్ వేరే దారి పట్టారు. తలకు కట్టుతోనే అతణ్ణి ముందు వరసకు పంపి గోళ్లు కొట్టే పని అప్పగించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు.

ఇంతలో ఊరంతా మనకు ఎదురు తిరిగింది. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. అప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవడం సరికాదని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలోని భారత సభ్యుడు సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో జకార్తా మండిపోయింది. ఒక గుంపు మన రాయబార కార్యాలయం మీద పడి పగలగొట్టింది. ఆటగాళ్లు బయట తిరగాలంటేనే భయపడే పరిస్థితి.

ఫైనల్ నాడు స్టేడియంలోకి అడుగు పెడితే చుట్టూ కప్పు, చుట్టూ జనం, ఎటు చూసినా ఈలలు, కేకలు. నీడ కోసం కట్టిన ఆ కడియం కింద మన పదకొండు మందే పరాయివాళ్లు. బంతి మన కాలికి తగిలితే చాలు గోల. కొరియావాళ్లు ముందు ఒకసారి మనల్ని ఓడించినవాళ్లే.

జనం కేకలను పట్టించుకోకుండా ఆడాలని, దేశానికి, తనకు బంగారం తెచ్చివ్వాలని రహీం సాబ్ కుర్రాళ్లను కోరారట. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మూడు నిమిషాలకు జర్నైల్ సింగ్ రెండోది వేశాడు. స్టేడియం చల్లబడింది. చివర్లో కొరియా ఒక గోలు తిప్పికొట్టినా, గోలులో నిలబడ్డ తంగరాజ్, ముందున్న కాపు మరొకటి పోనివ్వలేదు. 2-1. చునీ గోస్వామి సారథ్యంలోని జట్టు మెడలో బంగారం పడింది. లక్ష మంది పైన పట్టే చోట మన జాతీయ గీతం మోగింది.

ఇంటికొచ్చిన రహీం సాబ్ తొమ్మిది నెలలే బతికారు. 1963 జూన్ 11న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు.

మైదానాల తర్వాతి కథ

మనిషి పోయాడు, మైదానాలు నిలిచాయి. వాటి బతుకూ చిత్రంగానే నడిచింది.

జకార్తా స్టేడియానికి సుకర్ణో పేరే ఉండేది, కర్ణో అన్న అనే అర్థంలో బుంగ్ కర్ణో అని. ఆయన పదవి పోయాక వచ్చిన సుహార్తో ఆ పేరు తీసేయించి, ఊరి పేరుతో సెనయాన్ అని పిలిపించాడు. సుహార్తో కూడా దిగిపోయాక 2001లో పాత పేరు తిరిగొచ్చింది. 2007లో ఆసియా కప్పు ఫైనల్ అక్కడే జరిగింది. యుద్ధంతో రక్తమోడుతున్న ఇరాక్ జట్టు సౌదీ అరేబియాను 1-0తో ఓడించి తమ దేశానికి ఒక్కరోజైనా పండగ తెచ్చింది. ఎన్నికల సభలు, మత ప్రార్థనలు కూడా ఆ కప్పు కిందే జరిగాయి. 2018 ఆసియా క్రీడల కోసం బాగుచేసి బెంచీల స్థానంలో విడి కుర్చీలు వేశారు. దాంతో చోటు 77 వేల దాకా తగ్గింది. సుకర్ణో కోరిన కడియం కప్పు మాత్రం ఇప్పటికీ చుట్టూ ఉంది.

మన ఫతే మైదాన్‌కు 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది అక్కడే. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి ప్రమాణం చేసిందీ అక్కడే. 1993లో రాత్రి ఆటలకు దీపాలొచ్చాయి. 1999లో సచిన్ టెండూల్కర్ న్యూజీలాండ్ మీద 186 పరుగులు కొట్టాడు. 2005లో ఉప్పల్ స్టేడియంలో ఆటలు మొదలయ్యాక పెద్ద క్రికెట్ అటు పోయింది. ఫుట్‌బాల్ అంతకు ముందే వెనకబడింది. దేశపు జట్టుకు సగం మందిని పంపగలిగిన పట్నం నుంచి ఒక్కరు వెళ్లడం గొప్పయింది.

రహీం సాబ్ పేరు కూడా చాలాకాలం మరుగున పడింది. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాకే దేశంలో చాలామంది ఆయన పేరు విన్నారు. రిఫరీగా పేరు తెచ్చుకున్న కుమారుడు హకీం 2021లోనే చనిపోయారు. బలరాం 2023లో పోయారు. తండ్రి కథ తెర మీద చూడడానికి కొడుకు లేడు, గురువు కథ చూడడానికి శిష్యుడు లేడు.

మనకు మిగిలిన పాఠం

స్టేడియాలు గొప్పవే. కానీ జకార్తాలో గెలిచింది స్టేడియంలో తయారైన జట్టు కాదు. బడి ఆవరణల్లో, పోలీసు లైన్లలో, దుమ్ము మైదానాల్లో తయారైన జట్టు. పెద్ద కట్టడం ప్రభుత్వాల పని. చదునైన జాగా కాపాడుకోవడం ఊరి పని. ఊళ్లో పిల్లలు ఆడే ఖాళీ స్థలం ఒక్కసారి కబ్జా అయితే మళ్లీ రాదు. ఊరి పెద్దలు, పంచాయతీలు ఈ ఒక్క విషయం మీద గట్టిగా నిలబడితే అదే పిల్లలకు పెద్ద సాయం.

ఇక బడుల్లో ఉన్న వ్యాయామ ఉపాధ్యాయులు రేపటినుంచే చేయదగిన పని ఒకటుంది. వారంలో ఒకరోజు పిల్లలను ఎడమ కాలితోనే ఆడించి చూడాలి. మరోరోజు బంతిని ఎవరూ దగ్గర ఉంచుకోకుండా పక్కవాడికి అందించే ఆట పెట్టాలి. దీనికి నిధులు, మంజూరు, టెండరు అక్కరలేదు. డెబ్బై ఏళ్ల క్రితం హైదరాబాదులో ఒక పంతులు చేసిందదే. ఆ కాళ్లే జకార్తా దాకా వెళ్లి బంగారం తెచ్చాయి.